టామ్సిన్ మొగుడు ఓడ దిగాడు

టామ్సిన్ పెల్లో ఏ నేరమూ చేయకుండానే మా ఖైదీల ఓడ ఎక్కింది. ఆ ఓడలో ప్రతి ఆడదీ తన గురించి ఆ మాటే చెప్పుకునేది. నేనూ చెప్పుకున్నాను. కానీ నేను ప్రెస్టన్‌లో మా యజమానురాలి దుప్పట్లు ఎత్తుకుపోయి అమ్ముతూ దొరికిపోయినదాన్ని. టామ్సిన్ మాట ఒక్కటే నిజం.

ఆమెది కార్న్‌వాల్‌లో పెన్రిన్ అనే రేవు ఊరు. తల్లి పోతే చిన్న వయసులోనే ఇంటి బరువు నెత్తిన పడింది. చెల్లెలు లవ్డేని ఎత్తుకుని పెంచింది. జేగో పెల్లోని పెళ్లాడి వెళ్తూ ఆ చెల్లెల్ని కూడా వెంట తీసుకెళ్లింది. జేగో సరుకుల బండి తోలేవాడు. మనిషి అందగాడు, మాటకారి. ఒక చలికాలం అతని బండిలోంచి పట్టు తానులు మాయమయ్యాయి. జవాన్లు ఇళ్లు వెతుక్కుంటూ వీధిలోకి వచ్చేసరికి ఆ తానులు టామ్సిన్ మంచం కిందే ఉన్నాయి. ఆ సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

అంత ఖరీదైన సరుకు దొంగిలించిన మగవాణ్ని ఆ రోజుల్లో ఉరి తీసేవాళ్లు. జేగో ఆమె కాళ్ల మీద పడ్డాడు.

"నువ్వు తెచ్చానని చెప్పవే టామ్సిన్. ఆడదానివి, చంటిపిల్ల తల్లివి, మహా అయితే ఏడాది వేస్తారు. నాకైతే ఉరితాడే. నేను పోతే మీ ముగ్గురికీ తిండెవరు పెడతారు?"

తలుపు బద్దలవుతోంది. పక్క గదిలో పిల్ల ఏడుస్తోంది. టామ్సిన్ వెళ్లి తలుపు తీసి, "నేనే తెచ్చాను" అంది.

న్యాయమూర్తి పద్నాలుగేళ్ల ద్వీపాంతర శిక్ష వేశాడు. కోర్టులో జేగో ఎంత ఏడ్చాడంటే, ఇలాంటి మంచివాడికి ఇలాంటి పెళ్లాం దొరికిందేమిటని అక్కడి ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారట. ఓడ ఎక్కించే ముందు జైలు గేటు దగ్గరికి పిల్లను భుజాన వేసుకుని వచ్చాడు. పక్కన లవ్డే ఉంది. "మేమంతా నీ వెనకే వచ్చేస్తాం. సొంతంగా వచ్చేవాళ్లకి అక్కడ సర్కారు భూమి ఇస్తోందట. నువ్వు ధైర్యంగా ఉండు చాలు" అన్నాడు. లవ్డే అక్క మెడ పట్టుకుని, "కెరెన్‌ని నేను చూసుకుంటానక్కా, నా కూతురిలా చూసుకుంటా" అని ప్రమాణం చేసింది.

ఆ ఒక్క మాటా నిలబెట్టుకుంది.

ఓడలో నా పడక టామ్సిన్ పక్కనే. ఇదంతా అక్కడే విన్నాను. "పిచ్చిదానా, వాడు రాడే" అన్నాను మొదట్లోనే. ఆమె కోపం తెచ్చుకోలేదు. "నీకు జేగో తెలీదు పెగ్గీ" అంది. మొగుడు మంచివాడని నమ్మే ఆడదానితో వాదించడం నావల్ల కాదు, ఊరుకున్నాను.

మమ్మల్ని సిడ్నీకని చెప్పి ఎక్కించారు. తీరా దారిలో దక్షిణాన ఉన్న దీవి రేవు, హోబర్ట్ టౌన్ రాగానే ఇక్కడ పనివాళ్లు చాలడం లేదని సగం మందిని దింపేశారు. ఆ సగంలో మేమిద్దరం ఉన్నాం. కొండ కింద ఆడవాళ్ల జైలు. దాన్ని అందరం ఫ్యాక్టరీ అనేవాళ్లం. మధ్యాహ్నం దాటితే అక్కడ ఎండ పడదు. ఊరందరి బట్టలూ అక్కడ ఉతికేవాళ్లం. కొండమీద నుంచి వచ్చే వాగు నీళ్లలో చేతులు పెడితే ఎముకలు లాగేసేవి. అక్కడి నుంచి ఎవరింట్లో పనిమనిషి కావాలంటే ఆ ఇంటికి పంపేవాళ్లు. దొరసానికి నచ్చకపోతే మళ్లీ వెనక్కి. నేను చాలాసార్లు వెనక్కి వచ్చాను, నా నోరు అలాంటిది. టామ్సిన్ నోరెత్తి ఎరగదు. అందుకే ఆమెకు సెలవు చీటీ తొందరగా ఇచ్చారు. ఆ చీటీ ఉంటే శిక్ష పూర్తి కాకపోయినా సొంతంగా పని చూసుకుని బతకొచ్చు. రేవు దగ్గర ఒక ముసలామె చాకిరేవులో చేరింది. కొన్నాళ్లకి నన్నూ అక్కడికే ఇప్పించుకుంది.

ఇంగ్లండ్ నుంచి ఓడ వస్తే చాలు, చేతిలో పని అలాగే వదిలేసి రేవుకి పరిగెత్తేది. దిగే మొహాలన్నీ చూసి తిరిగొచ్చేది. పెన్రిన్ వైపు వెళ్లే నావికులు కనిపిస్తే జేగోకి కబురు చెప్పమని బతిమాలేది. వాళ్లు సరేననేవాళ్లు. ఒక్కడూ జవాబుతో తిరిగి రాలేదు.

ఏబెల్ థ్రస్సెల్ అని ఒక రంపపు కోతపనివాడు ఉండేవాడు. నార్ఫోక్ వాడు. అతనూ మాలాగే వచ్చినవాడే, శిక్ష తీరిపోయింది. మాట తక్కువ మనిషి. చాకిరేవుకి కట్టెలు వేయడానికి వచ్చి, అక్కర్లేకపోయినా వాటిని చీల్చి పేర్చి వెళ్లేవాడు. ఒకరోజు టోపీ తీసి చేతిలో నలుపుతూ అడిగాడు.

"ఏడేళ్లు మొగుడు సముద్రం అవతల ఉండిపోతే మళ్లీ పెళ్లికి సర్కారు ఒప్పుకుంటుందట. ఫాదర్‌ని అడిగాను. నాకు రెండు గదుల ఇల్లుంది టామ్సిన్. పైకప్పు కారదు."

"నాకు మొగుడున్నాడు ఏబెల్. వస్తాడు."

"వస్తే పక్కకి తప్పుకుంటాను."

"అలా తప్పుకునే మనిషివి కాదు నువ్వు. నిన్ను మోసం చేయలేను" అంది.

అతను మరో రెండు చలికాలాలు కట్టెలు పేర్చాడు. తర్వాత ఒక పాలమ్మే ఐరిష్ పిల్లని పెళ్లాడాడు. పెళ్లి రోజు టామ్సిన్ అతని చొక్కాకి తన చేతులతో గంజి పెట్టి ఇస్త్రీ చేసి పంపింది. ఆ సాయంత్రం చాకిరేవు వెనక నిలబడి ముక్కు చీదుకుంటుంటే చూశాను. "జలుబు" అంది.

ఆ తర్వాతి వేసవిలో జేగో దిగాడు.

ఆ రోజు మేం ఓడ చూడ్డానికి పోలేదు. రేవులో ఉన్న ఒక కెప్టెన్‌కి ఉతికిన బట్టలు ఇచ్చి రావాలి, బుట్ట చెరోవైపు పట్టుకుని నడుస్తున్నాం. కొత్తగా వచ్చిన ఓడ నుంచి పడవల్లో జనాన్ని ఒడ్డుకి చేరుస్తున్నారు. టామ్సిన్ ఉన్నట్టుండి బుట్ట వదిలేసింది. తెల్లటి చొక్కాలన్నీ బురదలో పడ్డాయి.

"ఏమైందే?" అంటున్నాను, అప్పటికే పరిగెడుతోంది.

"జేగో! జేగో! ఇటు!"

పొడుగు టోపీ, మంచి ఉన్ని కోటు వేసుకున్న మనిషి ఒకడు పడవ దిగి మెట్లెక్కుతున్నాడు. టామ్సిన్ తడి ముంజేతులతోనే అతన్ని చుట్టేసుకుంది. "వచ్చావా, వచ్చేశావా" అంటూ నవ్వుతోంది, ఏడుస్తోంది. అతని భుజం మీదుగా వెనక మెట్ల మీద చెల్లెలు కనిపించింది. "అయ్యో లవ్డే, నువ్వూ వచ్చావా తల్లీ! నా కోసం ఇంత దూరం వచ్చావా!" అని దాన్నీ కావలించుకుంది. లవ్డే చంకలో పసివాడున్నాడు. అది కొయ్యలా నిలబడింది. చేతులెత్తలేదు.

అతను అప్పుడు నోరు తెరిచాడు. ఆ మాట నేను నా చెవులతో విన్నాను.

"నువ్వు సిడ్నీలో ఉన్నావనుకున్నాను."

టామ్సిన్‌కి అర్థం కాలేదు. "లేదు, ఇక్కడే దింపేశారు. అది సరే, నా బంగారం ఏది? కెరెన్ ఏది?" అంటూ చుట్టూ చూసింది. లవ్డే వెనక నీలం గౌను వేసుకున్న పిల్ల నిలబడి ఉంది, పన్నెండేళ్లుంటాయేమో. బెదురుగా చూస్తూ లవ్డే చెయ్యి పట్టుకుని అడిగింది.

"అమ్మా, ఎవరు ఈవిడ?"

టామ్సిన్ ఆ పిల్లనీ, ఆ చేతినీ, చంకలో పసివాణ్నీ, చివరికి జేగో మొహాన్నీ చూసింది. మొహంలో రక్తం దిగిపోవడమంటే ఏమిటో నేను అప్పుడే చూశాను.

"ఎవరో లే అమ్మాయ్" అన్నాడు జేగో. "మా ఊరి మనిషి."

అతను టామ్సిన్ మోచెయ్యి పట్టుకుని తాళ్ల గుట్టల వెనక్కి తీసుకెళ్లాడు. నేను బురదలో చొక్కాలు ఏరుతున్నట్టు నటిస్తూ అక్కడికే జరిగాను.

"ఏం చేయమంటావ్ చెప్పు?" అంటున్నాడు. "పద్నాలుగేళ్ల శిక్ష! మగాణ్ని. పిల్లకి తల్లి కావాలి. ఇది ఇంట్లోనే ఉంది. నువ్వు దారిలో పోయావని ఊళ్లో చెప్పాం, పోయావనే పెళ్లి చేశారు."

"నేను పోయానా?"

"నెమ్మదిగా మాట్లాడు."

"నీ మెడకి పడాల్సిన తాడు నేను తప్పించాను జేగో. నా చెల్లెల్ని పెళ్లాడావా?"

"అది జరిగిపోయింది. ఇప్పుడు నువ్వు నోరు విప్పితే నన్ను జైల్లో వేస్తారు. లవ్డేని ఈ ఊరంతా ఉంపుడుగత్తె అంటుంది. కెరెన్ ఏమవుతుంది? ఈ ఊళ్లో దొంగకూతురంటే ఎవడు చేసుకుంటాడు? ఆలోచించుకో."

అదీ అతని తెలివి. టామ్సిన్ మెత్తదనం ఎక్కడుందో అతనికి తెలుసు. సరిగ్గా అక్కడే వేలు పెట్టాడు.

రెండోరోజు తనే చాకిరేవుకి వచ్చాడు. నది ఎగువన భూమి ఇచ్చారట, పనివాళ్లు కావాలట. "మా ఇంటికి పనికి రా. పిల్ల కళ్లెదుటే ఉంటుంది. తినడానికి, పడుకోవడానికి లోటు చేయను. ఒక్కటే మాట. నువ్వెవరో దానికి తెలియకూడదు."

నేను ఇస్త్రీపెట్టె పైకెత్తాను. "దొరగారూ, ఇది ఎర్రగా కాలి ఉంది. తమరి మొహం మీద పెట్టేలోపల బయటికి దయచేయండి."

టామ్సిన్ నా చెయ్యి పట్టుకుంది. "పెగ్గీ కూడా వస్తుంది, వంటకి. అలాగైతేనే వస్తాను" అంది.

అతను వెళ్లాక నేను తిట్టిన తిట్లు ఇప్పుడు చెప్పలేను. సొంత మొగుడింట్లో దాసీగా పోతావా, చెల్లెలి గౌన్లు ఉతుకుతావా, సిగ్గు లేదా అన్నాను. అన్నీ వింది. "దాని గొంతు విన్నావా పెగ్గీ?" అంది చివరికి. "నేను వదిలి వచ్చినప్పుడు దానికి మాటలే సరిగ్గా రావు. ఇప్పుడెంత బాగా మాట్లాడుతోందో."

ఆ మాట విన్నాక నేనేం అనను? మూట కట్టుకున్నాను.

నది ఎగువ ఊళ్లో జేగో మమ్మల్ని అందరికీ ఎలా పరిచయం చేశాడంటే, "ఈ టామ్సిన్ మాకు దూరపు చుట్టం. పాపం దారి తప్పింది. ఇంటిపేరు మాదే, ఏం చేస్తాం, చేరదీశాం." ఇద్దరిదీ ఒకే ఇంటిపేరని ఎవరైనా అనుమానిస్తారని ముందే కట్టిన కథ అది. చర్చిలో అతని మంచితనం గురించి ఫాదర్ కూడా చెప్పాడు.

టామ్సిన్ పొయ్యి వెలిగించేది, నేల తుడిచేది, గొర్రె కొవ్వుతో కొవ్వొత్తులు పోసేది, లవ్డే పసివాడి గుడ్డలు ఉతికేది. లవ్డే ఆమె మొహంలోకి చూసేది కాదు. పని చెప్పాలంటే గోడకి చెప్పేది. "నీళ్లు కాగలేదా?" "ఆ చెప్పులెవరు తీస్తారు?" టామ్సిన్ దాన్ని "అమ్మగారూ" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా లవ్డేకే చెమటలు పట్టేవి, టామ్సిన్‌కి కాదు.

ఒకసారి పెరట్లో ఇద్దరే ఉన్నప్పుడు టామ్సిన్ అడగనే అడిగింది. "నేను ఓడ ఎక్కిన ఎన్నాళ్లకి?"

లవ్డే పక్కకి తిరిగింది.

"ఎక్కకముందేనా?"

లవ్డే లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. ఆ రోజంతా టామ్సిన్ తిండి ముట్టలేదు.

కెరెన్ మాత్రం వంటింటికి అలవాటు పడింది. ముందు మా దగ్గర వేడి రొట్టె కోసం వచ్చేది, తర్వాత ఊరికే వచ్చి కూర్చునేది. మాంసం, బంగాళాదుంప ముక్కలు పెట్టి మడిచి కాల్చే కార్న్‌వాల్ రొట్టెలు టామ్సిన్ చేస్తే ఒకటికి రెండు తినేది.

"అమ్మ కూడా చేస్తుంది. నీ చేతివి బావుంటాయి. ఎందుకలా?"

"మీ అమ్మకి నేర్పింది నేనేనమ్మా."

"నిజంగా? చిన్నప్పుడు అమ్మ ఎలా ఉండేది?"

"మొండిది. జడ వేయించుకోమంటే పారిపోయేది."

పిల్ల పకపకా నవ్వింది. టామ్సిన్ కూడా నవ్వింది. కెరెన్ తన జుట్టు కూడా టామ్సిన్ చేతనే దువ్వించుకోవడం మొదలుపెట్టింది. ఆ దువ్వెన పట్టుకున్నప్పుడు టామ్సిన్ మొహం చూడాలి. ఇన్నేళ్ల చాకిరీ, చలి, ఏబెల్ పేర్చిన కట్టెలు, అన్నీ మర్చిపోయేది. ఈ నవ్వు ఎక్కువ రోజులు సాగనివ్వరని నాకు తెలుస్తూనే ఉంది.

పక్క పొలం దొరసాని ఒకావిడ టీకి వచ్చింది. మంచిదే, మాట మీద అదుపు లేదు. టామ్సిన్ పళ్లెం పట్టుకుని నిలబడింది, పక్కన కెరెన్ కూర్చుంది. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏమండీ, మీ పనిమనిషి గడ్డం, మీ అమ్మాయి గడ్డం ఒక్క అచ్చులో పోసినట్టు ఉన్నాయే! దూరపు చుట్టమన్నారు, రక్తం ఎంత దూరం పోతుందో చూడండి" అంది.

లవ్డే కప్పు కింద పెట్టి, కెరెన్‌ని లోపలికి పొమ్మంది.

ఆ వారంలోనే వెండి చెంచాలు పోయాయి. పెన్రిన్ నుంచి భద్రంగా తెచ్చుకున్నవి. ఇల్లంతా వెతికించారు. జవాను వచ్చి టామ్సిన్ పెట్టె తెరిస్తే లోదుస్తుల కింద మూటగట్టి ఉన్నాయి. ఆమె వాటివైపు చూసి, లవ్డేవైపు చూసి, "ఇంత పని చేశావా లవ్డే?" అంది. అమ్మగారూ అనలేదు. అంతే, సంకెళ్లు వేశారు.

ఊళ్లో మేజిస్ట్రేటు కోర్టంటే ఒక పెద్ద గది, బల్ల, కుర్చీ. ఆ కుర్చీలో కూర్చునే దొర ఆదివారాలు జేగో ఇంట్లో భోజనం చేసే మనిషి. జేగో మొదట లేచాడు. ఎంతో బాధపడుతున్నట్టు చెప్పాడు. చేరదీశాం, నమ్మాం, ఇలా చేసింది, పాత బుద్ధి పోదు కదా అన్నాడు. ఆ గొంతులో వణుకు విని నాకు ఒళ్లు మండిపోయింది. ఇలాగే అక్కడి కోర్టులోనూ ఏడ్చి ఉంటాడు.

తర్వాత కెరెన్‌ని పిలిచారు.

అది మేం అనుకోలేదు. టామ్సిన్ రెండు చేతులతో ముందున్న చెక్క కమ్మీ పట్టుకుంది. పిల్ల బైబిల్ మీద చెయ్యి పెట్టింది. మేజిస్ట్రేటు మెత్తగా అడిగాడు.

"భయపడకు తల్లీ. ఈ మనిషి చెంచాలు తీయడం నువ్వు చూశావా?"

కెరెన్ తల్లివైపు చూసింది. నా ఉద్దేశం లవ్డేవైపు. లవ్డే కళ్లు నేలమీద ఉన్నాయి. జేగో కొద్దిగా తలాడించాడు.

"చూశాను" అంది కెరెన్.

"స్పష్టంగా?"

"చూశాను సార్. పెట్టెలో పెడుతుంటే చూశాను."

గదిలో ఎవరో నిట్టూర్చారు. "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అని టామ్సిన్‌ని అడిగారు.

ఒప్పుకుంటుందనుకున్నాను. పిల్ల అబద్ధం బయటపడకూడదని మళ్లీ నేనే తీశానంటుందని భయపడ్డాను. ఆమె కెరెన్‌ని చూసింది. తర్వాత మాట్లాడింది. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు.

"నేను తీయలేదు దొరా. ఒకసారి తీయనిది తీశానని చెప్పాను, అందుకే ఇక్కడున్నాను. ఆ పట్టు తానులు తీసింది అదిగో ఆ మనిషి. అతను నా మొగుడు. పెన్రిన్ చర్చిలో నన్ను పెళ్లాడాడు. పక్కనున్నది నా చెల్లెలు. ఆ పిల్లని కన్నది నేను."

గదిలో గోల లేచింది. లవ్డే మొహం కప్పుకుంది. జేగో లేచి, "చూశారా, చేరదీసినందుకు ఎంత మాటంటోందో" అన్నాడు. నేను వెనక నుంచి అరిచాను. "నిజం! ఓడలోనే నాకు చెప్పింది, మొగుడి పేరు జేగో అని, కూతురి పేరు కెరెన్ అని!"

"ఒక దొంగకి ఇంకో దొంగ సాక్ష్యం" అన్నాడు మేజిస్ట్రేటు. అందరూ నవ్వారు. "పెళ్లికి రుజువేది?"

"పెన్రిన్‌లో అడగండి. ఊరంతా చెబుతుంది."

"నీ కోసం సముద్రం దాటి ఆరా తీయాలా?" అన్నాడు ఆయన. ఇక అడిగిందేమీ లేదు. సెలవు చీటీ రద్దు చేసి, శిక్ష మూడేళ్లు పెంచి మళ్లీ ఫ్యాక్టరీకి పంపాడు. కోర్టు మర్యాద పాడుచేశానని నన్నూ ఆమె వెంటే పంపాడు. బయటికి తీసుకెళ్తుంటే కెరెన్ గుమ్మం పక్కన నిలబడి ఉంది. మొహం సున్నంలా తెల్లబడింది. టామ్సిన్ ఆమె ముందునుంచే నడిచింది, ఆగలేదు, చూడలేదు.

ఫ్యాక్టరీలో ఆమె జుట్టు కత్తిరించేశారు. దారిపొడవునా కన్నీటి చుక్క రానిది, ఆ జుట్టు కింద పడుతుంటే వెక్కి వెక్కి ఏడ్చింది. నేను దగ్గరికి తీసుకున్నాను. "వాడి సంగతి సరే పెగ్గీ" అంది ఏడుపు మధ్య. "వాడు పరాయింట్లో పుట్టినవాడు. లవ్డేకి జ్వరమొస్తే నేను రాత్రిళ్లు మేలుకున్నాను. నా ముద్ద దాని నోట్లో పెట్టాను. అదెలా చేయగలిగిందే?"

నేను చీపురు తీసుకుని ఆ జుట్టు ఊడ్చేశాను.

ఏళ్లు గడిచాయి. శిక్షలు తీరాయి. రేవు చాకిరేవు ముసలామె పోతే ఆ పని మేమిద్దరమే తీసుకున్నాం. జేగోకి ఏమీ కాలేదు. గొర్రెలు పెరిగాయి, భూమి పెరిగింది, చర్చిలో ముందు వరసలో సొంత బల్ల వచ్చింది. కోర్టులో ఆమె అన్న మాట కొన్నాళ్లు ఊళ్లో నలిగింది. ఈ దేశంలో చాలామందికి వెనక ఏదో ఒకటి ఉంటుంది. అందుకే ఎవరూ ఎక్కువ తవ్వరు, అదీ సద్దుమణిగింది.

ఒక శరదృతువు మధ్యాహ్నం చాకిరేవు ముందు గుర్రపుబండి ఆగింది. నల్ల శాలువా కప్పుకున్న పెళ్లయిన పడుచు దిగింది. ఆ గడ్డం చూడగానే నాకు తెలిసిపోయింది. టామ్సిన్ గంజి కలుపుతోంది. కలపడం ఆపలేదు.

"కూర్చో" అంది.

కెరెన్ కూర్చోలేదు. "అమ్మకి బాగా లేదు. డాక్టర్ ఇక లాభం లేదన్నాడు. మీ పేరే కలవరిస్తోంది. మిమ్మల్ని చూడాలట. బండి తెచ్చాను."

"దాని కోసం వచ్చావా?"

"అవును."

"మీ అయ్య పంపాడా?"

"ఆయనకి తెలీదు." కెరెన్ గొంతు తడబడింది. "అమ్మ నాకంతా చెప్పింది. మొన్ననే. కోర్టులో మీరన్నది నిజమేనని."

టామ్సిన్ గరిటె పక్కన పెట్టింది. చేతులు తుడుచుకుంది. నేను వెళ్తుందనుకున్నాను. మెత్తని మనిషి, చచ్చిపోయే చెల్లెలు పిలుస్తోంది, వెళ్లకుండా ఉండలేదనుకున్నాను.

"నేను రానమ్మా" అంది.

"ఒక్కసారి. క్షమించానని ఒక్క మాట చెబితే..."

"క్షమించలేదు కదా, ఎలా చెప్పను? చావు మంచం దగ్గర కూడా అబద్ధం చెప్పమంటావా? నేను బతికే ఉన్నానని చెప్పు దానికి. అంతే చెప్పు."

కెరెన్ గుమ్మం దాకా వెళ్లి ఆగింది. వెనక్కి తిరగకుండానే అంది. "ఆ రోజు నేను చూడలేదు. చెంచాలు. చూశానని చెప్పమన్నారు. మీరు అలాంటివారు కాదని తెలుసు నాకు. తెలిసే చెప్పాను."

"తెలుసు."

"నన్ను కూడా క్షమించరా?"

టామ్సిన్ మళ్లీ గరిటె అందుకుంది. కుండలో గంజి పైన మీగడ కడుతోంది. "అప్పుడు చిన్నపిల్లవి" అంది. "నిన్ను చెప్పమన్నవాళ్లు చిన్నపిల్లలు కారు. పొద్దుపోతోంది, వెళ్లు. నది దగ్గర దారి బాగా లేదు."

బండి వెళ్లిపోయింది. లవ్డే మూడోనాడు పోయిందని విన్నాం. ఒక్కగానొక్క చెల్లెలు, వెళ్లి ఉండాల్సిందని చాకిరేవు ఆడవాళ్లలో కొందరు గుసగుసలాడారు. నేను వాళ్ల నోళ్లు మూయించాను. టామ్సిన్ ఆ రోజు ఎప్పటిలాగే పనిచేసింది. సాయంత్రం మాత్రం పెరట్లో ఒక్కతే కూర్చుంది. నేను టీ తీసుకెళ్లి పక్కన పెట్టాను. చల్లారిపోయేదాకా అలాగే ఉంచింది.

చలికాలం గడిచి ఎండలు వచ్చాక కెరెన్ మళ్లీ వచ్చింది. ఈసారి బండి లేదు. ఎందుకొచ్చిందో చెప్పలేదు, మేమూ అడగలేదు. కాసేపు కుర్చీ అంచున కూర్చుని, తర్వాత శాలువా తీసి మేకుకి తగిలించి, చేతులు పైకి మడిచింది. తడి దుప్పటి రెండో కొస అందుకుని మెలిపెట్టబోయింది. రాదు ఆమెకి, ఎప్పుడూ చేసిన పని కాదు.

"అటు కాదు" అంది టామ్సిన్ విసుగ్గా. "నేను ఇటు తిప్పితే నువ్వు అటు తిప్పాలి. గట్టిగా పట్టుకో, నీళ్లన్నీ నా గౌను మీదే పోస్తున్నావ్."